మీ ఇంట్లో ఎవరైనా ఆపరేషన్ తర్వాత ఆలస్యంగా లేచారా?

మండపేట నుంచి, చుట్టుపక్కల ఊళ్ల నుంచి ఆపరేషన్ కోసం మా దగ్గరకు వచ్చేవారు అడిగే ప్రశ్నలు దాదాపు ఒకేలా ఉంటాయి. ఎన్ని రోజులు ఉండాలి? కుట్లు ఎప్పుడు విప్పుతారు? పథ్యం ఏమిటి? బిల్లు ఎంతవుతుంది? మత్తుమందు గురించి అడిగేది మాత్రం ఒక్కటే: "పూర్తి మత్తా అండి, నడుముకిచ్చే మత్తా?" ఆ జవాబు వినగానే ఇక చాలు అనుకుంటారు. మత్తు డాక్టరు మంచం దగ్గరకు వచ్చి ఇంట్లోవాళ్ల సంగతులు అడగడం మొదలుపెడితే, ఆపరేషన్ నాకైతే మా పిన్ని గొడవ ఈయనకెందుకు అన్నట్టు చూస్తారు.

ఆ పిన్ని గొడవ ఎందుకో చెప్పడానికే ఈ నాలుగు మాటలు రాస్తున్నాము.

కొన్నేళ్ల క్రితం ఒక రాత్రి హెర్నియా బిగిసిపోయి నలభై ఏళ్ల వ్యాపారి ఒకరు మా దగ్గరకు వచ్చారు. ఉదయం దాకా ఆగే పరిస్థితి కాదు. భోజనం చేసి రెండు గంటలు కూడా కాలేదు. కడుపు నిండా ఉన్న మనిషికి పూర్తి మత్తు ఇస్తే లోపలి తిండి పైకి వచ్చి ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంటుంది. అందుకని గొంతులో గొట్టం చాలా వేగంగా వేయాలి. అందరూ చేసే పద్ధతిలోనే మా మత్తు డాక్టరుగారు నిద్రమందు ఇచ్చి, వెంటనే కండరాలను వదులు చేసే సక్సామెథోనియం ఇచ్చారు. ఆపరేషన్ థియేటర్లలో దీన్ని స్కోలిన్ అంటారు. నిమిషంలో పనిచేస్తుంది. అయిదు పది నిమిషాల్లో దానంతటదే దిగిపోతుంది. రోగి సొంతంగా ఊపిరి తీయడం మొదలుపెడతాడు.

ఈయన మొదలుపెట్టలేదు. పది నిమిషాలు గడిచాయి, అరగంట గడిచింది. గంటలో ఆపరేషన్ ముగిసింది. కుట్లు పడ్డాయి. గుండె చక్కగా కొట్టుకుంటోంది, రక్తపోటు బాగుంది. కానీ వేలు కదలదు, కనురెప్ప కదలదు, ఊపిరి రాదు. డాక్టరుగారికి అనుమానం వచ్చి మరే కండరాల మందూ ఇవ్వలేదు. నిద్రమందు మాత్రం ఆపకుండా ఇస్తూ, వెంటిలేటరు మీద ఉంచి, పక్కనే కూర్చున్నారు. తెల్లవారుజామున అయిదు గంటలకు వేళ్లు కదిలాయి. ఆరు గంటలకు ఆయన తల ఎత్తి చూశారు. గొట్టం తీశాము.

బయట వరండాలో రాత్రంతా కూర్చున్న ఆయన తల్లిగారికి సంగతి చెబితే ఆమె అన్న మాట మాకు ఇప్పటికీ గుర్తుంది. "మా చెల్లెలికీ ఇలాగే అయ్యిందండి డాక్టరుగారూ. రాజమండ్రిలో కడుపు ఆపరేషన్ చేస్తే సాయంత్రం దాకా లేవలేదు. మత్తు ఎక్కువైంది, ఏం భయం లేదన్నారు. మేమూ మర్చిపోయామండి."

ఎక్కువైంది మత్తు కాదు. ఆ ముక్క ఆనాడే ఎవరైనా ఆ కుటుంబానికి ఒక కాగితం మీద రాసిచ్చి ఉంటే ఇరవై ఏళ్ల తర్వాత ఆ రాత్రి మాకు వచ్చేది కాదు. అయితే తప్పు అక్కడివాళ్లదే అని తప్పించుకోలేము. మేమూ ఆ రాత్రి రోగిని షుగరు, బి.పి., ఆయాసం గురించి అడిగాము. ఇంట్లోవాళ్ల మత్తు సంగతి అడగలేదు. తొందరలో ఉన్నాము అన్నది నిజమే, కానీ ఆ ప్రశ్న అడగడానికి పది సెకన్లు చాలు.

జరిగింది ఏమిటి?

మన రక్తంలో బ్యూటిరిల్ కొలినెస్టరేజ్ అనే ఎంజైము ఒకటి ఉంటుంది. కాలేయం దీన్ని తయారు చేస్తుంది. రోజువారీ జీవితంలో ఇది లేకపోయినా మనిషికి లోటు తెలియదు. కానీ స్కోలిన్ మందును విరగ్గొట్టేది ఇదే. ఇంజెక్షన్ రక్తంలో కలవగానే చాలా భాగాన్ని ఈ ఎంజైమే కత్తిరించేస్తుంది. మిగిలిన కొద్ది భాగమే కండరాల దాకా చేరుతుంది. అందుకే ఆ మందు అంత త్వరగా దిగిపోతుంది. ఎంజైము లేనివారిలో మందు మొత్తం కండరాల దగ్గరకు చేరి గంటల తరబడి అక్కడే కూర్చుంటుంది. ఊపిరి తీసే కండరాలు కూడా కండరాలే కదా. అవీ పనిచేయవు.

దీనికి విరుగుడు ఇంజెక్షన్ వేసి లేపేద్దాము అనుకోవడం పొరపాటు. కాలమే మందు. మందు దిగేదాకా యంత్రంతో ఊపిరి ఇస్తూ ఉంటే మనిషి ఏ లోపమూ లేకుండా లేస్తాడు. ఊపిరి ఇచ్చేవారు లేకపోతే నిమిషాల్లో ప్రాణం పోతుంది. ఇంకొక సంగతి కూడా ఉంది. ఇది మామూలుగా బయటివారికి తట్టదు. స్కోలిన్ నిద్రమందు కాదు. నిద్రమందు దిగిపోయి స్కోలిన్ దిగకపోతే రోగికి మెలకువ వస్తుంది, చుట్టూ మాటలు వినపడతాయి, కానీ కన్ను తెరవలేడు, నోరు మెదపలేడు. బతికి ఉండగానే బిగదీసి కట్టినట్టుంటుంది. అందుకే ఆ రాత్రి మా డాక్టరుగారు నిద్రమందు ఆపలేదు. ఇలాంటి రోగి పక్కన నిలబడి "ఇంకా లేవడేమిటి" అని మాట్లాడుకోవడం కూడా కూడదు.

సక్సామెథోనియం 1950ల తొలినాళ్లలో వాడుకలోకి వచ్చింది. కొద్దికాలానికే కొందరిలో ఊపిరి తిరిగి రాకపోవడం డాక్టర్లు గమనించారు. ఇది కుటుంబాల్లో వస్తుందని, ఎంజైము తేడావల్ల వస్తుందని ఆ దశాబ్దంలోనే తేలింది. టొరంటోలో వెర్నర్ కాలో దీనికి రక్తపరీక్ష కనిపెట్టారు. మందు ఒకటే అయినా మనిషి జన్యువును బట్టి ఫలితం మారుతుందని ప్రపంచానికి నేర్పిన మొదటి పాఠాల్లో ఇదొకటి.

మన తెలుగువాళ్ల సంగతి

2006లో కోయంబత్తూరులోని భారతియార్ విశ్వవిద్యాలయం వారు, అమెరికాలోని నెబ్రాస్కా పరిశోధకులతో కలిసి ఒక పరిశోధన ప్రచురించారు. కోయంబత్తూరులో స్థిరపడిన వైశ్య సమాజంలో ఈ ఎంజైము బొత్తిగా లేనివారు, ఐరోపా, అమెరికా ప్రజలతో పోలిస్తే 4000 రెట్లు ఎక్కువగా ఉన్నారని అందులో తేలింది. కారణం జన్యువులో ఒకే ఒక్క అక్షరం మార్పు. దానివల్ల ఎంజైములో 307వ స్థానంలో లూసిన్ ఉండవలసిన చోట ప్రొలీన్ వచ్చి చేరింది. 2007లో అదే బృందం ఇలాంటివారి ఆరోగ్యం గురించి మరో నివేదిక ఇచ్చింది. వారు మామూలుగానే ఆరోగ్యంగా ఉన్నారు. అంటే ఇది జబ్బు కాదు. ఒక మందు పడకపోవడం మాత్రమే.

కోయంబత్తూరు సంగతి మనకెందుకు అనకండి. ఆర్యవైశ్యుల కుటుంబాలు తమిళనాట, కర్ణాటకలో, మన గోదావరి జిల్లాల్లో బంధుత్వాలతో అల్లుకున్నవే. మండపేట బజారు వీధిలో నిలబడి చూసినా ఆ సంగతి తెలుస్తుంది. తరతరాలుగా తమలో తాము పెళ్లిళ్లు చేసుకునే సమాజాల్లో ఎప్పుడో ఒక పూర్వీకుడికి వచ్చిన జన్యు మార్పు బయటికి పోకుండా లోపలే తిరుగుతూ ఉంటుంది. తల్లి దగ్గర ఒక కాపీ, తండ్రి దగ్గర ఒక కాపీ ఉంటే ఇద్దరికీ ఏమీ తెలియదు. వారి పిల్లల్లో నలుగురికి ఒకరి చొప్పున రెండు కాపీలూ వచ్చే అవకాశం ఉంటుంది. మేనరికాల్లో ఆ అవకాశం పెరుగుతుంది. మేము చెప్పిన ఆ రోగి తల్లిదండ్రులది మేనరికమే. తర్వాత ఆయన అన్నదమ్ములకు, అక్కచెల్లెళ్లకు పరీక్ష చేస్తే ముగ్గురిలో ఒకరికి ఎంజైము లేదని తేలింది. ఆమెకు మరుసటి ఏడాది గర్భసంచి ఆపరేషన్ అయింది. మత్తు డాక్టరుకు ముందే తెలుసు కనుక వేరే మందులతో చేశారు. గంటన్నరలో లేచి కూర్చుని కాఫీ అడిగారు.

కులం అడగాలా?

ఇక్కడ మాలో మాకే భిన్నాభిప్రాయం వచ్చింది. మా ఓ.పి. చీటీ మీద పేరు, వయసు, ఊరు ఉంటాయి. కులం ఉండదు. మిషన్ ఆసుపత్రులు ఈ ప్రాంతానికి వచ్చిన నాటి నుంచి అందరినీ ఒకే వరండాలో కూర్చోబెట్టడం ఒక నియమంగా పాటించాయి. ఆ నియమాన్ని మేము తేలికగా తీసుకోము. అయితే మాలో ఒక డాక్టరుగారు అన్నారు: "ప్రాణానికి పనికొచ్చే సమాచారాన్ని మొహమాటానికి వదిలేస్తామా? షుగరు గురించి అడిగినట్టే ఇదీ అడుగుదాం." ఆయన మాటలో న్యాయం ఉంది.

అయినా మా నిర్ణయం వేరు. కులం అడగవద్దు, ప్రతి ఒక్కరినీ ఒకే ప్రశ్న అడగాలి అనుకున్నాము. కారణాలు చెబుతాము.

మొదటిది, కులం అడిగితే తప్పిపోయేవారు చాలామంది. ఈ ఎంజైము లోపం ఏ కుటుంబంలోనైనా ఉండవచ్చు. పుట్టుకతో కాకుండా తగ్గేవారూ ఉన్నారు. కాలేయం బాగా చెడినవారికి తగ్గుతుంది. గర్భిణులకు కొంత తగ్గుతుంది. ఇక మన డెల్టాలో మరిచిపోకూడనిది పురుగుమందు. వరికి కొట్టే ఆర్గానోఫాస్ఫరస్ మందులు పనిచేసేదే ఈ జాతి ఎంజైములను చంపి. వారం రోజులు ముక్కుకు గుడ్డ కూడా కట్టుకోకుండా పిచికారీ చేసిన కూలీకి కులం ఏదైనా ఎంజైము తగ్గి ఉండవచ్చు. "మీది ఏ కులం" అని అడిగి ఊరుకునే డాక్టరు ఇతణ్ణి చూడలేడు.

రెండోది, కులం పేరు రాసిపెట్టుకుంటే ఆ సమాజంలోని ఎక్కువమందికి, అంటే ఎంజైము చక్కగా ఉన్నవారికి కూడా ఒక ముద్ర వేసినట్టవుతుంది. మూడోది అన్నిటికన్నా ముఖ్యం. ముద్ర పడుతుందనుకుంటే జనం దాచిపెడతారు. ఆ రోగి చెల్లెలికి పరీక్ష చేద్దామంటే ఇంట్లో మొదట వద్దన్నారు. "పెళ్లి కావలసిన పిల్లలు ఉన్నారండి, రేపు సంబంధాలు చెడతాయి" అని పెద్దాయన బతిమాలారు. ఇది జబ్బు కాదని, పిల్లలకు చదువులో గాని, కాపురంలో గాని, సంతానంలో గాని ఏ లోటూ రాదని కూర్చోబెట్టి చెబితే ఒప్పుకున్నారు. దాచిపెట్టినందువల్ల సంబంధం నిలబడవచ్చు, కాని ఆ పిల్లకు రేపు కాన్పులో అత్యవసరంగా ఆపరేషన్ అవసరమైతే దాచిన రహస్యం ఎవరికీ అక్కరకు రాదు.

అలాగని ఆ సమాజం పెద్దలకు ఈ సంగతి చెప్పకుండా ఉండటం కూడా తప్పే. ఆసుపత్రి చీటీ మీద కులం రాయడం వేరు, సంఘాల సమావేశాల్లో, కల్యాణ మండపాల్లో జరిగే ఆరోగ్య శిబిరాల్లో ఈ విషయం బాహాటంగా మాట్లాడుకోవడం వేరు. రెండోది జరగాలని మా కోరిక. రక్తదాన శిబిరాలు ఎంతో చక్కగా నడిపే సంఘాలకు ఇది పెద్ద పని కాదు.

అందరికీ పరీక్ష చేయకూడదా?

చేయవచ్చు గాని అవసరం లేదు. ఆపరేషన్‌కు వచ్చే ప్రతి ఒక్కరి మీద ఇంకో పరీక్ష ఖర్చు వేయడం మాకు ఇష్టం లేదు. ఇప్పటికే ఉన్న పరీక్షలు చాలు. ఇంట్లో ఎవరికైనా అలా జరిగి ఉంటే, లేదా తనకే ఇదివరకు ఆలస్యంగా ఊపిరి వచ్చి ఉంటే సీరం కొలినెస్టరేజ్ పరీక్ష తప్పక చేయించాలి. ఇది ఎక్కడో హైదరాబాదు వెళ్లి చేయించవలసిన పరీక్ష కాదు. పురుగుమందు తాగి వచ్చినవారికి చేసే పరీక్ష ఇదే కనుక మన జిల్లాల్లో పెద్ద ల్యాబులన్నిటికీ పరిచయమే.

దీని వెనుక ఇంకో చిక్కు కూడా ఉంది. పుట్టుకతోనే ఎంజైము లేని మనిషి వేరే కారణంతో స్పృహ తప్పి ఆసుపత్రికి వస్తే, రిపోర్టులో కొలినెస్టరేజ్ సున్నా దగ్గర ఉండటం చూసి పురుగుమందు తాగాడని పొరబడే ప్రమాదం ఉంది. అనవసరంగా అట్రోపిన్ ఎక్కించడం, పోలీసు కేసు, ఇంట్లో ఏడుపులు, ఊళ్లో గుసగుసలు. ఒక చిన్న కార్డు జేబులో ఉంటే ఇదంతా తప్పుతుంది.

మా వైపు నుంచి జరగవలసినవి

పాఠకులకు చెప్పే ముందు మా ఆసుపత్రులవాళ్లు చేయవలసినవి చెప్పడం ధర్మం.

1889లో మన హైదరాబాదులోనే మత్తు ప్రమాదాల గురించి ప్రపంచమంతా చర్చించుకున్న పరిశోధన ఒకటి జరిగింది. ఆ ముందటి ఏడాది, అంటే 1888లో మొదటి కమిషన్ పనిచేసింది. నిజాము మహబూబ్ అలీ ఖాన్ ఖర్చు భరించగా, అఫ్జల్‌గంజ్ ఆసుపత్రిలో ఎడ్వర్డ్ లారీ ఆధ్వర్యంలో క్లోరోఫాం మీద పరిశీలనలు జరిగాయి. రెండోసారి లండన్ నుంచి లాడర్ బ్రంటన్ కూడా వచ్చారు. క్లోరోఫాంతో ముందు ఆగేది ఊపిరే, గుండె కాదు అని వారు తేల్చారు. గుండె గురించి వారు అన్నది తప్పని 1911 నాటికి తేలింది. కాని నాడి పట్టుకుని కూర్చోకుండా రోగి ఊపిరి మీద కన్ను వేసి ఉంచండి అన్న వారి మాటకు కాలం చెల్లలేదు. అదే ఆసుపత్రుల్లో రూపాబాయి ఫర్దూన్‌జీ అనే పార్సీ వైద్యురాలు ఏళ్ల తరబడి క్లోరోఫాం ఇస్తూ పనిచేశారు. ప్రపంచంలో తొలి మహిళా మత్తు వైద్యురాలిగా ఆమెను చెప్పుకుంటారు. అంత చరిత్ర ఉన్న గడ్డ మీద మత్తు డాక్టరు పని ఇంజెక్షన్ ఇవ్వగానే అయిపోతుందని అనుకోవడం సిగ్గుచేటు.

చిన్న పట్టణాల్లో మత్తు డాక్టరు రాజమండ్రి నుంచో కాకినాడ నుంచో ఫోను చేస్తే వస్తారు. ఒకే రోజు నాలుగు నర్సింగ్ హోముల్లో కేసులుంటాయి. కుట్లు పడుతుండగానే అవతల నుంచి ఫోను. ఆ డాక్టర్ల కష్టం మాకు తెలుసు, వారిని తప్పుపట్టడం లేదు. కాని రోగి సొంతంగా ఊపిరి తీసి, తల ఎత్తి, పిలిస్తే పలికేదాకా మత్తు డాక్టరు ఆ గది వదలకూడదు. వెంటిలేటరు, లేదా కనీసం రాత్రంతా చేత్తో బ్యాగు నొక్కగల మనుషులు, ఆక్సిజన్ నిల్వ లేనిచోట పూర్తి మత్తు ఇవ్వకూడదు. ఈ రెండూ మా ఖచ్చితమైన అభిప్రాయం.

ఆలస్యంగా లేచిన రోగిని "మత్తు ఎక్కువైంది" అని చెప్పి పంపేయడం మానాలి. గొడవ అవుతుందనే భయంతోనే చాలాచోట్ల అలా చెబుతారు. ఆ రాత్రి జరిగింది మేము ఉన్నదున్నట్టు చెప్పాము, మేము అడగవలసింది అడగలేదని కూడా చెప్పాము. ఎవరూ గొడవ చేయలేదు. ఆ తల్లిగారు చెల్లెలి పిల్లలందరినీ కూడా పరీక్షకు తీసుకువచ్చారు.

మీరు చేయవలసినవి

1. ఆపరేషన్‌కు ముందు మత్తు డాక్టరు వచ్చినప్పుడు, ఆయన అడగకపోయినా, రక్తసంబంధీకుల్లో ఎవరికైనా మత్తు తర్వాత ఊపిరి ఆలస్యంగా రావడం గాని, వెంటిలేటరు మీద పెట్టడం గాని, ఒళ్లు విపరీతంగా కాలిపోవడం గాని, థియేటరులో చనిపోవడం గాని జరిగి ఉంటే చెప్పండి. ఒళ్లు కాలిపోవడం వేరే రకం ప్రమాదం, అదీ కుటుంబాల్లోనే వస్తుంది. ఒక్క ప్రశ్నతో రెండూ బయటపడతాయి.

2. ఈ సంగతులు మగవారికన్నా ఇంట్లో పెద్దావిడకు బాగా తెలుస్తాయి. అమ్మమ్మనో, పెద్దమ్మనో ముందురోజే అడిగి రండి.

3. ఎప్పుడు, ఏమి తిన్నారో నిజం చెప్పండి. ఉదయం ఆపరేషన్ పెట్టుకుని తాపేశ్వరం కాజా ఒక్కటే కదా అని నోట్లో వేసుకున్నవారిని మేము చూశాము. కడుపు ఖాళీగా ఉంటే స్కోలిన్ అవసరమే చాలాసార్లు పడదు, వేరే మందులతో నిదానంగా చేయవచ్చు.

4. ఈ మధ్య పురుగుమందు పిచికారీ చేసి ఉంటే అది కూడా చెప్పండి.

5. మీకు ఎంజైము లేదని తేలితే "సక్సామెథోనియం ఇవ్వరాదు" అని రాసిన కార్డు అడిగి తీసుకోండి. ఒకటి జేబులో, ఒకటి ఇంట్లో పెట్టుకోండి. అన్నదమ్ములకు, అక్కచెల్లెళ్లకు చెప్పండి, వారికే అందరికన్నా ఎక్కువ అవసరం. మానసిక వైద్యంలో ఇచ్చే కరెంటు చికిత్సకు కూడా ఈ మందే వాడతారు కనుక అక్కడా చూపించండి.

6. భయపడి ఆపరేషన్ మానుకోకండి. రోక్యురోనియం, అట్రాక్యూరియం వంటి వేరే మందులు ఉన్నాయి. వాటికి ఈ ఎంజైముతో పని లేదు. ముందే తెలిస్తే ఇది పెద్ద సమస్యే కాదు.

ఆ రాత్రి తర్వాత మా ఆసుపత్రిలో ఆపరేషన్ కాగితం మీద ఒక వరుస కొత్తగా చేర్చాము. "మీ ఇంట్లో ఎవరికైనా మత్తుమందుతో ఇబ్బంది వచ్చిందా?" అన్నదే ఆ ప్రశ్న. ఎంత తొందర కేసైనా అది ఖాళీగా ఉంటే థియేటరు సిస్టరు బల్ల మీదికి ఎక్కించరు. చాలామంది "లేదండి" అంటారు. కొందరు విసుక్కుంటారు. ఎప్పుడో ఒకసారి ఎవరో ఒక పెద్దావిడ కాసేపు ఆలోచించి, "ఉండండి బాబూ, మా చెల్లెలికి ఒకసారి..." అని మొదలుపెడుతుంది. ఆ మాట చెప్పడానికి మీరు సిగ్గుపడవద్దు. ఓపిగ్గా వినవలసిన బాధ్యత మాది.